వెళ్లిన వీరుడు తిరిగొచ్చాడా?

ఇబ్రహీంపట్నం పేరులో ఉన్న ఇబ్రహీం కథ ఏ జానపద సినిమాకైనా సరిపోతుంది. గోల్కొండలో తండ్రి సుల్తాన్ కులీ 1543లో హత్యకు గురయ్యాడు. ఆ హత్య వెనక చెయ్యి ఉందని చెప్పే అన్న జంషీద్ గద్దెనెక్కాడు. చిన్నవాడైన ఇబ్రహీం అప్పుడు దేవరకొండ కోటలో ఉన్నాడు. ఇవాళ సాగర్ రోడ్డు పట్టుకుని పోతే ఇబ్రహీంపట్నం నుంచి అదేమంత దూరం కాదు. ప్రాణాలు అరచేత పట్టుకుని ముందు బీదరుకు, అక్కణ్ణుంచి విజయనగరానికి పారిపోయాడు. అళియ రామరాయలు ఆశ్రయమిచ్చాడు. సుమారు ఏడేళ్లు అక్కడే గడిపాడు. తెలుగు ఒంటబట్టింది. 1550లో జంషీద్ పోయాక తిరిగొచ్చి సుల్తానై 1580 దాకా ఏలాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన్న యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువును కూడా ఆయన తవ్వించిందనే ఇక్కడ చెప్పుకుంటారు.

ఇల్లు వదలడం, పరాయి నేల మీద పరీక్షలు, ఆదుకునే పెద్ద దిక్కు, చివరికి ఊరికి మేలు చేసే కానుకతో తిరిగి రావడం. ప్రపంచంలోని వీరగాథలన్నీ ఈ దారినే నడుస్తాయని జోసెఫ్ కాంప్‌బెల్ 1949లో 'ది హీరో విత్ ఎ థౌజండ్ ఫేసెస్' అనే పుస్తకంలో చెప్పాడు. ఇబ్రహీం జీవితం ఆ దారిని చక్కగా అనుసరించింది, 1565 జనవరి దాకా. ఆ నెలలో తళ్లికోట యుద్ధం జరిగింది. దక్కను సుల్తానులు ఒక్కటై విజయనగరం మీదికి వెళ్లారు, వాళ్లలో ఇబ్రహీమూ ఉన్నాడు. రామరాయల తల తెగిపడింది. ఆశ్రయమిచ్చిన చేతిని తిరిగొచ్చిన వీరుడు ఏం చేశాడన్న ప్రశ్నకు కాంప్‌బెల్ పటంలో చోటు లేదు.

చరిత్రను కథల కొలతతో కొలవడం న్యాయం కాదు, నిజమే. అయితే కల్పనలోకి వెళ్లినా ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. తెలుగు అద్భుత కథలను, పాతవీ కొత్తవీ, ఈ పటం మీద పరిచి చూస్తే బయల్దేరడం దగ్గర అన్నీ కుదురుతాయి. నడుమ చాలావరకు కుదురుతాయి. తిరిగి రావడం దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. మన కథలు ఎక్కువగా మనవి అయ్యేది ఆ తప్పే చోటే అని నా అభిప్రాయం.

ముందు పటం సంగతి. ఇది కాంప్‌బెల్ ఒక్కడి బుర్రలో పుట్టింది కాదు. 1909లో వాన్ గెన్నెప్ పుట్టుక, పెళ్లి, చావు వంటి తంతులన్నిటిలో విడిపోవడం, మధ్యలో ఉండటం, మళ్లీ కలవడం అనే మూడు దశలు ఉంటాయన్నాడు. అదే ఏడాది ఆటో ర్యాంక్ వీరుల పుట్టుక కథలన్నీ ఒకే తీరుగా ఉంటాయని రాశాడు: పెద్దింటి బిడ్డ, నీళ్లలో వదిలివేత, సామాన్యుల ఇంట పెంపకం. అతని జాబితాలో మన కర్ణుడున్నాడు. 1928లో రష్యాలో వ్లాదిమిర్ ప్రాప్ నూరు అద్భుత కథలను విప్పి చూసి, కథను నడిపే పనులు 31కి మించవని తేల్చాడు. కాంప్‌బెల్ వీటన్నిటినీ యూంగ్ మనస్తత్వ శాస్త్రంతో కలిపి 17 మెట్లుగా కట్టాడు. 1977లో 'స్టార్ వార్స్' వచ్చాక జార్జ్ లూకాస్ కాంప్‌బెల్ రుణాన్ని బాహాటంగా ఒప్పుకున్నాడు. హాలీవుడ్ స్క్రిప్టు విభాగాల్లో పనిచేసిన క్రిస్టఫర్ వోగ్లర్ 1992 నాటి పుస్తకంలో ఆ మెట్లను 12కి కుదించాడు. ఇవాళ హైదరాబాదులో స్క్రీన్‌ప్లే పాఠాలు చెప్పేవాళ్లు బోర్డు మీద గీసే గుండ్రటి బొమ్మ వోగ్లర్‌ది, కాంప్‌బెల్‌ది కాదు. ఆ తేడా చెప్పేవాళ్లు తక్కువ.

ఈ పటానికి అందరూ ముందుగా చూపే ఉదాహరణ టోల్కీన్ రాసిన 'ది హాబిట్'. గడప దాటడానికి ఇష్టపడని బిల్బో, బలవంతంగా బయల్దేరదీసే మాంత్రికుడు గాండాల్ఫ్, చీకటి గుహ, ఉంగరం, డ్రాగన్, నిధి. మెట్లన్నీ వరసగా దొరుకుతాయి. అయితే ఆ నవల 1937లో వచ్చింది, కాంప్‌బెల్ పుస్తకానికి 12 ఏళ్ల ముందు. కాబట్టి టోల్కీన్ పటాన్ని అనుసరించాడనడం తలకిందుల మాట. ఇద్దరూ తాగింది ఒకే పాత కథల చెరువు నీళ్లు. పైగా ఆ నవల ముగింపు చూడండి. బిల్బో ఇంటికొచ్చేసరికి అతను చచ్చిపోయాడనుకుని సామాను వేలం వేస్తుంటారు. ఊళ్లో పరువూ పోతుంది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఫ్రోడో అయితే ఊరిని కాపాడి కూడా ఆ ఊళ్లో నిలవలేక ఓడెక్కి వెళ్లిపోతాడు. ఫాంటసీకి తాత అనదగిన రచయితకే తిరిగి రావడం సులువైన పనిగా కనిపించలేదు.

కాంప్‌బెల్ కూడా ఈ చిక్కును గుర్తించకపోలేదు. 'తిరిగి రావడానికి నిరాకరణ' అని ఒక మెట్టు పెట్టాడు. దానికి అతను ఎంచుకున్న ఉదాహరణ ముచుకుందుడు. దేవతల పక్షాన అసురులతో పోరాడి అలసిపోయి నిద్రను వరంగా కోరుకున్న రాజు ఇతను. లేపినవాడు బూడిదైపోతాడన్నది ఆ వరంలోని షరతు. యుగాలు గడిచాక కృష్ణుడు కాలయవనుణ్ణి ఆ గుహలోకి రప్పిస్తాడు. కాలయవనుడు తన్ని లేపి భస్మమవుతాడు. ముచుకుందుడు కృష్ణ దర్శనం చేసుకుని బయటికి వచ్చి చూస్తే మనుషులు పొట్టివాళ్లైపోయి ఉంటారు, లోకం తనది కాదు. రాజ్యానికి పోడు, ఉత్తరాన కొండల్లోకి తపస్సుకు పోతాడు. ఆ గుహ వికారాబాద్ దగ్గరి అనంతగిరిలో ఉందనేది మన స్థలపురాణం. అక్కడ పుట్టే మూసీకి ముచికుంద అనే పేరుండటమూ అందుకే అంటారు. అమెరికా ప్రొఫెసరు తన సిద్ధాంతానికి పెట్టుకున్న మినహాయింపు ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో నిద్రపోయిందన్నమాట. కాంప్‌బెల్‌కు భారతదేశం మీద మోజు ఎక్కువే. భారతీయ పురాణాల పండితుడు జిమ్మర్ వదిలివెళ్లిన రాతలకు సంపాదకత్వం వహించాడు, 1954లో వచ్చి దేశమంతా తిరిగాడు. మన సరుకు కొంత తీసుకునే అతను దుకాణం పెట్టాడు. అది గుర్తుంటే ఈ సిద్ధాంతం ముందు మనం మరీ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

తెలుగులో అద్భుత నవల అనదగిన మొదటి గొప్ప రచన ఏది అంటే చాలామంది పింగళి సూరన కళాపూర్ణోదయం వైపే వేలు చూపిస్తారు. పద్యకావ్యమే, కానీ పురాణం నుంచి తీసుకున్న కథ కాదు, సొంతంగా అల్లిన కథ. కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారంలో దీన్ని ఆకాశానికెత్తడానికి ఆ కల్పనాశక్తే కారణం. 16వ శతాబ్దంలో నంద్యాల కృష్ణమరాజుకు అంకితమైన ఈ కావ్యం మన మల్కిభరాముడి కాలానిదే. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి 2002లో ఇంగ్లీషులోకి తెచ్చాక బయటి పాఠకులు కూడా దీన్ని నవలలాగే చదివారు.

ఇందులో వీరుడెవరో చెప్పడం కష్టం. కళాపూర్ణుడి పేరు మీద కావ్యం, ఆ కళాపూర్ణుడు చాలా ఆశ్వాసాలు గడిచాక గాని పుట్టడు. ముందంతా ద్వారకలో కలభాషిణి, నారదుడి శిష్యుడు మణికంధరుడు, రంభా నలకూబరులు, మణిస్తంభుడు, సుముఖాసత్తి. వీళ్లు ఆకాశంలో, అడవిలో, అమ్మవారి గుడి ముందు ఒకరి కథలో ఒకరు చిక్కుకుంటూ పోతారు. వీటికంతటికీ మూలం బ్రహ్మ ఏకాంతంలో సరస్వతికి చెప్పిన ఒక కథ. అక్కడ సరసంగా చెప్పిన మాట ఇక్కడ మనుషులై నడుస్తుంది. కలభాషిణి మరు జన్మలో మధురలాలసగా పుట్టి, రాజు మణిహారం ఒంటికి తగలగానే, ఇంకా మాటలు రాని పసికందు వయసులో, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేస్తుంది. కళాపూర్ణుడు సింహాసనం మీద కూర్చుని తన పుట్టుక కథ తానే వింటాడు.

ఈ ఘట్టాన్ని కొంచెం ఆగి చూడాలి. కాంప్‌బెల్ వీరుడు తానెవరో తెలుసుకోవడానికి చీకటి గుహలోకి దిగాలి, రాక్షసుణ్ణి చంపాలి. సూరన రాజు చేసిందల్లా చెవి ఒగ్గడం. ఎవరో చెబితే తప్ప అతనికి తన కథ తెలియదు. చెప్పేది గురువూ కాదు, ఉయ్యాల్లో ఉండాల్సిన ఆడపిల్ల. మన అద్భుత కథల్లో నాయకుడు నడిచేవాడి కంటే ఎక్కువగా వినేవాడు అనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం అక్కర్లేదు.

ఆ వినేవాడికి కాళ్లొస్తే కాశీమజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా రాసిన ఈ మహా కథాసంపుటిలో మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరతాడు. తోడుకు పశువుల కాపరి కుర్రవాడు దొరుకుతాడు. కథలు చెబితేనే వస్తానని వాడి షరతు. దారిలో కనిపించిన ప్రతి వింతకూ వెనక ఒక కథ, ప్రతి మజిలీలో ఒక కథ. కాంప్‌బెల్ భాషలో చెప్పాలంటే గురువూ శిష్యుడూ బయల్దేరారు, దారి ఉంది, పవిత్ర గమ్యమూ ఉంది. అయినా సాహసాలన్నీ కథల లోపల రాకుమారులకు జరుగుతాయి. బయట నడిచేవాళ్లకు కాళ్లనొప్పులే. ప్రయాణం ఒకరిది, సాహసం మరొకరిది. పాశ్చాత్య పటం ఈ రెంటినీ ఒకే మనిషి నెత్తిన పెడుతుంది. దీక్షితులుగారి భాష ఇవాళ్టి కుర్రకారుకు కొరుకుడుపడదు గానీ, తరవాత వచ్చిన తెలుగు జానపద చిత్రాలకు ఆ మజిలీలే గాదె.

ఆ గాదె నుంచి వచ్చిన గింజల్లో 'పాతాళభైరవి' ఒకటి. 1951లో విజయా సంస్థ కోసం కె.వి.రెడ్డి తీశారు, పింగళి నాగేంద్రరావు రాశారు. అలాదీను కథ ఛాయలూ ఉన్నాయి. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు తోట రాముడు రాకుమారిని ప్రేమిస్తాడు. రాజు అడిగినంత సంపద తేవడానికి బయల్దేరి నేపాళ మాంత్రికుడి చేతిలో పడతాడు. వోగ్లర్ లెక్క ప్రకారం మాంత్రికుడు గురువు స్థానంలో ఉన్నాడు. దారి చూపిస్తాడు, పరీక్షలు పెడతాడు, ధైర్యం నూరిపోస్తాడు. కానీ అదంతా అమ్మవారికి బలివ్వడానికి. సంగతి తెలిసిన రాముడు గురువునే బలిచ్చి, కోరింది ఇచ్చే ప్రతిమ దక్కించుకుంటాడు. ఎస్.వి.రంగారావు పోషించిన ఆ పాత్రను ప్రేక్షకులు నాయకుడితో సమానంగా గుర్తుపెట్టుకోవడానికి అతని నటన ఒక కారణం. గురువూ శత్రువూ ఒకే ముఖంతో ఉండటం రెండో కారణం.

కాంప్‌బెల్ పటంలో ఇక్కడితో కథ దాదాపు అయిపోవాలి. అమృతం దొరికింది, ఇంటికొచ్చాడు. సినిమా మాత్రం ఇంకా సగం మిగిలే ఉంటుంది. ఇంటికొచ్చాకే అసలు గొడవ. రాజుగారి బావమరిది శూరసేనుడి తెలివితక్కువ ఆశ వల్ల ప్రతిమ చేతులు మారుతుంది, శిష్యుడు సదాజపుడి పుణ్యమా అని మాంత్రికుడు మళ్లీ బతికొస్తాడు, పెళ్లిపీటల దాకా వచ్చిన రాకుమారి మాయమవుతుంది. రాముడు మళ్లీ బయల్దేరాలి. వెళ్లి సంపాదించడం తేలిక, సంపాదించినదాన్ని ఇంట్లోవాళ్ల నుంచి కాపాడుకోవడం కష్టం. ఈ ఎరుక ఉమ్మడి కుటుంబాల్లో పుట్టిన కథలకు సహజం. 1961 నాటి 'జగదేకవీరుని కథ'లోనూ ఇంతే. నాయకుడు దేవకన్యలను గెలుచుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. కోడళ్ల మాట కాదనలేక అత్తగారు దాచిన చీర తీసి ఇవ్వడంతో వాళ్లు స్వర్గానికి ఎగిరిపోతారు. కథ మళ్లీ మొదలు.

ఈ తరహా కథలకు కాంప్‌బెల్ కంటే ప్రాప్ దగ్గరి చుట్టం. తిరిగొచ్చిన నాయకుణ్ణి ఎవరూ గుర్తుపట్టకపోవడం, ఘనకార్యం నాదేనని ఒక మోసగాడు ముందుకు రావడం, మరో గడ్డు పరీక్ష, గుర్తింపు, చివరికి పెళ్లీ పట్టాభిషేకమూ. ఇవన్నీ ప్రాప్ జాబితాలో విడివిడి అంశాలు. విఠలాచార్య సినిమాలకు, కాంతారావు కత్తియుద్ధాలకు ఆ జాబితా అచ్చంగా అతుకుతుంది. ప్రాప్ మనసు లోతుల జోలికి పోలేదు, కథలో ఎవరు ఏం చేశారన్నదే చూశాడు. నాకైతే ఆ పొడి పద్ధతే నమ్మదగినదిగా కనిపిస్తుంది.

చందమామ సీరియళ్లది ఇంకో దారి. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు, వాటికి చిత్రకారుడు 'చిత్ర' వేసిన బొమ్మలు మూడు తరాల పిల్లల్ని నెల నెలా పోస్ట్‌మాన్ కోసం గుమ్మంలో నిలబెట్టాయి. ఈ కథల్లో వీరుడు ఒంటరిగా ఉండటం అరుదు. పాతాళదుర్గంలో ధూమకుడు, సోమకుడు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకడు కత్తి, రెండోవాడు యుక్తి, లేదా ఇద్దరూ అన్నీ. కాంప్‌బెల్ పటంలో తోడు వచ్చేవాళ్లు మెట్టు మెట్టుకూ రాలిపోతారు, చివరి గుహలోకి వీరుడొక్కడే దిగాలి. దాసరివారి గుహల్లోకి ఇద్దరూ కలిసే దిగుతారు, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ. మనసు లోపలి ప్రయాణమనే వ్యాఖ్యానానికి అక్కడ తావు తక్కువ. ఇద్దరు మనుషులు ఒకే లోపలికి ప్రయాణం చేయలేరు కదా.

నెలవారీ ప్రచురణ కూడా కథ నడకను మార్చేసింది. ప్రతి భాగం చివర పాఠకుడు ఊపిరి బిగబట్టాలి. అంచేత గడప దాటడం అనే ఘట్టం ఒకసారి కాదు, నెలకోసారి వస్తుంది. కొండ దాటితే లోయ, లోయ దాటితే వింత జాతి, అది దాటితే మరో మాంత్రికుడు. ఈ దాటడాల జోరులో తిరుగు ప్రయాణానికి దాదాపు చోటే ఉండదు. చివరి భాగం చాలాసార్లు గబగబా ముగిసినట్టుంటుంది. 'ముగ్గురు మాంత్రికులు' ఇందుకు మంచి మినహాయింపు. అరేబియన్ రాత్రుల్లోని జూడర్ కథకు తెలుగు రూపం అది. చేపలు పట్టుకునే పింగళుడు సంపద తెచ్చిన ప్రతిసారీ సొంత అన్నల అసూయే అతనికి మాంత్రికుల కంటే పెద్ద ముప్పు.

అదే చందమామలో విక్రమార్కుడు ఉన్నాడు. చెట్టెక్కుతాడు, శవం దించుతాడు, నడుస్తాడు, కథ వింటాడు, జవాబు చెబుతాడు, బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. ప్రతి నెలా వెళ్లడమే, చేరడం లేదు. వీరుడు వినేవాడు అన్న మాటకు ఇంతకంటే ముద్దైన బొమ్మ మరొకటి దొరకదు.

ఇప్పుడు ఇబ్రహీంపట్నం డివిజన్‌లోనే ఉన్న అనాజ్‌పూర్‌కు వద్దాం. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ అక్కడే ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. 'బాహుబలి' కోసం కళాదర్శకుడు సాబు సిరిల్ వేసిన మాహిష్మతి సెట్టు సందర్శకులు చూసే చోటుగా మారింది. 2015 జులై 10న మొదటి భాగం, 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చాయి. విజయేంద్రప్రసాద్ కథ, రాజమౌళి దర్శకత్వం. తెలుగులో వీరుడి ప్రయాణం గురించి మాట్లాడే ఎవరైనా ఇప్పుడు ఈ సినిమా దగ్గరే ఆగుతారు.

మొదటి గంట పాఠ్యపుస్తకంలా ఉంటుంది. ర్యాంక్ చెప్పినట్టే రాజబిడ్డ నీళ్లలో పడతాడు. శివగామి మునిగిపోతూ చెయ్యెత్తి బిడ్డను పైకి పట్టుకుంటుంది. జలపాతం కింద అడవి జనం పెంచుతారు. 1994లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'భైరవద్వీపం'లోనూ రాజబిడ్డ కొండజాతివాళ్ల చేతుల్లోనే పెరుగుతాడు. కాబట్టి ఈ మలుపు రాజమౌళి బయటి నుంచి తెచ్చుకున్నది కాదు. గడప దగ్గర అడ్డం నిలిచేది రాక్షసుడు కాదు, పెంచిన తల్లి సంగ. కొడుకు జలపాతం ఎక్కడం మానాలని శివుడికి మొక్కుకుని బిందెలు మోస్తుంది. కొడుకు శివలింగాన్నే పెకలించి జలపాతం కింద పెట్టి ఆమె శ్రమ తప్పించి, తర్వాత ఎక్కనే ఎక్కుతాడు. పైన ఇంకో తల్లి గొలుసులతో ఎదురుచూస్తుంటుంది.

అక్కడి నుంచి పటం పక్కకు జరుగుతుంది. ఆ తల్లి దేవసేనను విడిపించాక, శివుడు అనే పేరుతో పెరిగిన ఆ కొడుకు తానెవరో కట్టప్పను అడుగుతాడు. కట్టప్ప చెప్పడం మొదలుపెడతాడు. మొదటి భాగం చివరంతా, రెండో భాగంలో ఎక్కువ భాగం, కొడుకు కూర్చుని తండ్రి కథ వింటాడు. ఇంత ఖర్చుతో తీసిన సాహస చిత్రంలో నాయకుడు గంటల తరబడి శ్రోత. హాలీవుడ్ స్క్రిప్టు సలహాదారుడెవరైనా చూస్తే నెత్తి బాదుకుంటాడు. మన ప్రేక్షకుడికి ఎక్కడా ఇబ్బంది అనిపించలేదు. కళాపూర్ణుణ్ణి, మణిసిద్ధుడి వెంట నడిచిన కుర్రవాణ్ణి, విక్రమార్కుణ్ణి చూసి పెరిగిన జాతికి అది కొత్త కాదు. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నతో దేశం రెండేళ్లు గడిపింది. ఆ ప్రశ్న కథ చెప్పేవాడి గురించి పుట్టింది, ప్రయాణం చేసేవాడి గురించి కాదు.

ఇక తిరిగి రావడం. మహేంద్ర బాహుబలి ఏ ఇంటికి తిరిగొచ్చాడు? పుట్టిన చోటనుకుంటే మాహిష్మతి. పెరిగిన చోటనుకుంటే జలపాతం కింది పల్లె. రెండో భాగం పట్టాభిషేకంతో ముగుస్తుంది. మొదట్లో బిందెలు మోసిన సంగ గూడెం ఆ తర్వాత ఏమైందో సినిమా పట్టించుకోదు. కాంప్‌బెల్ లెక్కలో సామాన్య లోకానికి వరం చేరితేనే ప్రయాణం పూర్తి. ఇక్కడ సామాన్య లోకం మధ్యలోనే జారిపోయింది. దీన్ని లోపమనే అంటాను. అయితే అది రాజమౌళి ఒక్కడి లోపం కాదు. కొండజాతి చేతుల్లో పెరిగిన రాకుమారులందరూ గద్దె ఎక్కాక వెనక్కి చూడని కథలు మనకు బోలెడు.

నోటి కథల్లో దీనికి పూర్తి వ్యతిరేకమైన జవాబు దొరుకుతుంది. పల్నాటి బాలచంద్రుడు ఇల్లు వదిలి కారెంపూడి యుద్ధానికి వెళ్తాడు. తల్లి ఆపబోయింది, భార్య మాంచాల చేతికి కత్తి ఇచ్చి పంపింది. అతను తిరిగి రాడు. తిరిగి రాకపోవడం వల్లే వీరుడయ్యాడు. భారతదేశపు మౌఖిక వీరగాథల మీద 1989లో వచ్చిన సంకలనంలో స్టువార్ట్ బ్లాక్‌బర్న్ ఈ తీరును వివరించాడు: ఘోరమైన చావు, ఆ తర్వాత దైవత్వం, ఆ తర్వాత కొలుపు. ఆ కొలుపు చుట్టూ కథ పెరుగుతుంది. వరం తెచ్చేది వీరుడు కాదు, అతణ్ణి ఏటా పిలుచుకునే ఊరు. కార్తీకంలో కారెంపూడి వీర్లగుడి దగ్గర జరిగే ఉత్సవం అదే. కాటమరాజు కథ పాడే గొల్లలకు పచ్చిక బయళ్ల పుల్లరి కోసం ఎర్రగడ్డపాటిలో పడ్డవాళ్లంతా బంధువులు. మన వైపు ఒగ్గు కళాకారులు మల్లన్న కథ, అక్క మహంకాళి పెంచిన బీరప్ప కామరాతి కోసం వెళ్లిన కథ చెబుతారు. పట్నం వేసి దేవుణ్ణి ముగ్గులోకి రప్పించుకోవడంలో తిరిగి రావడం అనే ఘట్టం కథలోంచి ఊరి చేతికి వచ్చేసింది.

కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్లే భక్తులకు ఈ విశ్లేషణ అవసరం లేదు. ఫాంటసీ రాయబోయే వాళ్లకు మాత్రం ఉంది.

ఆడవాళ్ల సంగతి చూస్తే పటం మరీ చిన్నదైపోతుంది. కాంప్‌బెల్ శిష్యవర్గానికే చెందిన మోరీన్ మర్డాక్ 1990లో స్త్రీ ప్రయాణానికి వేరే పటం గీయాల్సి వచ్చింది. మన దగ్గర ఆ పని ముందే మరో తీరులో జరిగింది. వెల్చేరు నారాయణరావు 1986 నాటి వ్యాసంలో ఆరు తెలుగు వీరగాథలను రెండు కుప్పలుగా విడదీశాడు. పల్నాడు, కాటమరాజు, బొబ్బిలి ఒక వైపు: భూమి మీద పట్టున్న కులాలు, కత్తి పట్టిన మగవాళ్లు. కన్యక, కామమ్మ, సన్యాసమ్మ మరో వైపు: వ్యాపార కులాలు, నిప్పుల్లోకి నడిచిన ఆడవాళ్లు. ఈ రెండో కుప్పలో ప్రయాణమంటే గడప నుంచి గుండం దాకా. అడుగులు తక్కువ, కానీ కథ బరువంతా వాటి మీదే. కన్నడ జానపదాలు సేకరించిన ఏ.కె.రామానుజన్ గమనించింది కూడా దీనికి దగ్గరే. మగవాళ్ల కథలు పెళ్లితో ముగుస్తాయి, ఆడవాళ్లు చెప్పే కథల్లో పెళ్లయ్యాకే కష్టాలు మొదలవుతాయి.

బాలనాగమ్మ కథను ఈ కళ్లతో చూడాలి. మాయల ఫకీరు ఎత్తుకుపోతే, కొడుకు బాలవర్ధిరాజు బయల్దేరతాడు. పూలు అందించే తంబళ్ళ పెద్ది మనవడిగా కోటలో చేరతాడు, ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్న ఫకీరు ప్రాణం తీస్తాడు. 1942లో చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో జెమినీ తీసిన సినిమాలో కాంచనమాల బాలనాగమ్మ. ఫకీరు అందులో మాయల మరాఠీ అయ్యాడు, ఆ పాత్ర గోవిందరాజుల సుబ్బారావుది. విమర్శకులు ఎప్పుడూ కొడుకు ప్రయాణాన్నే వీరుడి మెట్లతో పోల్చి చూస్తారు, అది సులువుగా కుదురుతుంది కూడా. మాహిష్మతిలో చితి కోసం పుల్లలు ఏరుతూ 25 ఏళ్లు గొలుసుల్లో ఉన్న దేవసేనకు పూర్వరూపం బాలనాగమ్మే. ఆమె కొడుకు వచ్చేదాకా ఊరికే కూర్చోలేదు. నోము ఉందని చెప్పి ఏళ్ల తరబడి ఫకీరును గడప అవతల నిలబెట్టింది. లోకాన్ని గడగడలాడించే మాంత్రికుణ్ణి రోజూ ఒక అబద్ధంతో ఆపడానికి ఎంత తెలివి, ఎంత గుండె కావాలి? ఆమె ఎక్కడికీ వెళ్లలేదు కనుక ఆ ఏళ్లు 17 మెట్లలో ఏ మెట్టు మీదా కనిపించవు. జంగాల కథలోనూ అవి రెండు మాటల్లో దాటిపోతాయి. ఎవరైనా తెలుగులో కొత్తగా పెద్ద ఫాంటసీ నవల రాస్తామంటే, చిలక కోసం సముద్రాలు దాటే కుర్రవాణ్ణి కాసేపు పక్కన పెట్టి, నాగళ్ళపూడి గట్టు మీది ఫకీరు కోటలో ఆమె గడిపిన ఆ ఏళ్ల నుంచి మొదలుపెట్టమంటాను.